గలీబులో దాచిన వాక్యం

దోర్కాస్ కళ్ళజోడుకి నంబరు లేదు. పదేళ్ళ కిందట పలాస స్టేషను బయట తోపుడుబండి మీద కొన్నది. బండివాడు ఒక్కో జోడూ ముక్కు మీద పెట్టి "కనిపిస్తందా అమ్మా?" అని అడుగుతుంటే, "నంబరొద్దు బాబూ, ఉత్తద్దం ఇయ్యి" అని అడిగి మరీ తీసుకుంది. ఎవరైనా కాగితం చేతికిస్తే "అయ్యో, జోడు ఇంటికాడ మరిసిపోనాను, నువ్వే సదివి సెప్పు" అనాలి. మరిచిపోవాలంటే ముందు ఒక జోడంటూ ఉండాలి కదా.

దోర్కాస్‌కి చదువు రాదు. నలభై ఆరేళ్ళొచ్చాయి. సంతకం వచ్చు, అంకెలు వచ్చు, ఆపైన అక్షరం ముక్క రాదు. ఈ సంగతి పలాస మొత్తంలో ఒక్క మనిషికి తప్ప తెలియదు. ఆ ఒక్క మనిషీ భర్త కాదు.

అబద్ధమాడిందని అనకండి పాపం. బారువలో తొమ్మిదేళ్ళప్పుడు మొదలైంది ఈ గొడవ. తల్లి ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. పిల్ల ఆదివారం బడిలో వెనక వరసలో కూర్చుని విన్నది విన్నట్టు పట్టేసేది. టెక్కలిలో సంఘాలన్నీ కూడినప్పుడు కంఠతా వాక్యాల పోటీ పెడితే, ఎక్కడా తడుముకోకుండా అప్పజెప్పి మొదటి బహుమతి కొట్టింది. బహుమతి ఏమిటయ్యా అంటే బైబిలు. "ఎంత బాగా చదివిందో!" అని అందరూ బుగ్గలు పుణికారు. చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని ఆమె చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడు చెబుదామన్నా ఆలస్యమైపోయినట్టే ఉండేది. చదువుకున్న కోడలని మురిసిపోయి అత్తగారు చేసుకుంది. చదువుకున్న మనిషని మంగళవారం స్త్రీల కూడికలో వాక్యం చదివే పని ఒప్పజెప్పారు. నలభై మంది ముందు వేలు పంక్తి వెంట జరుపుతూ, టీ మరక ఉన్న పేజీ ఏదో, మూల మడిచిన పేజీ ఏదో చూసుకుంటూ, తిప్పాల్సిన చోట ఠంచనుగా తిప్పుతూ పదిహేడేళ్ళు నెట్టుకొచ్చింది. వినికిడి జ్ఞాపకం అలాంటిది ఆమెకి. ఒకసారి చెవిన పడితే చాలు.

చేతికున్న జ్ఞాపకం ఇంకా గొప్పది. కాశీబుగ్గ దాటాక ఉన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళుగా గ్రేడింగు బల్ల దగ్గర ఆమెదే పెద్ద చెయ్యి. గుండు పప్పు ఒక కుప్ప, రెండుగా విడిపోయిన బద్ద ఒక కుప్ప, ముక్క ఒక కుప్ప. గుండులో మళ్ళీ సైజుని బట్టి రెండు రకాలు, రెండు నలభై, మూడు ఇరవై. కొత్తవాళ్ళు కళ్ళు చిట్లించి చూసేవాళ్ళు, ఆమె మాట్లాడుతూ వేళ్ళతోనే తేల్చేసేది. పక్కన కూర్చునే అసిరమ్మ "దీని యేళ్ళకి కల్లున్నాయే" అనేది.

అలాంటి మనిషికి పోయిన ఏడాది వానాకాలంలో ఒంటి మీద నల్లటి మచ్చలు తేలాయి. బస్తాలు తగిలాయనుకున్నారు. తగ్గని జ్వరం, చిగుళ్ళ వెంట రక్తం. విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే రక్త క్యాన్సరన్నారు. ఎనిమిది నెలలు కీమో. జుట్టు పోయింది, జబ్బూ పోయింది. భర్త ఇమ్మానుయేలు తన ఆటో వెనక కృతజ్ఞతగా ఒక శిలువ బొమ్మ కూడా వేయించాడు. రంగు ఆరిందో లేదో, అయిదు నెలలకే జబ్బు తిరిగొచ్చింది.

ఈసారి డాక్టర్ లక్ష్మీప్రియ తలుపు వేసి మాట్లాడింది. "మళ్ళీ కీమో ఇస్తే కొన్ని నెలలు గడుస్తాయి. నాలుగో, అయిదో. ఇంకో దారి ఉంది. అది ఇంకా పరీక్షలోనే ఉన్న వైద్యం. ఇక్కడ ఇప్పటిదాకా ఎనిమిది మందికి చేశాం. అయిదుగురు బాగున్నారు. ఒకరికి జబ్బు తిరిగొచ్చింది. ఇద్దరు మనకి దక్కలేదు. దాచి చెప్పను."

"ఏటి సేత్తారమ్మా?" అన్నాడు ఇమ్మానుయేలు.

రక్తంలో కాపలా కాసే కణాలుంటాయట. అవి క్యాన్సరు కణాన్ని చూసి కూడా దొంగ అని పోల్చుకోలేకపోతున్నాయట. వాటిని ఒంట్లోంచి తీసి, ప్రయోగశాలకి పంపి, దొంగని గుర్తుపట్టే విద్య వాటికి అమర్చి, లక్షల్లో పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారట.

"అంటే మన కణాలకి బడి ఎడతారన్నమాట," అన్నాడు ఇమ్మానుయేలు, అర్థమైన సంతోషంలో.

దోర్కాస్ తల దించుకుంది. తన రక్తానికి రాసిపెట్టిన బడి తనకి లేకపోయింది.

ఒప్పంద పత్రం ఇరవై రెండు పేజీలు. డాక్టరమ్మ అంతా వివరించి, ఇంటికి తీసుకెళ్ళి నిదానంగా చదువుకుని రమ్మంది. చదివింది ఇమ్మానుయేలు, పైకి, రెండు సాయంత్రాలు. ఆమె కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ వారం ఒప్పుకోలు రికార్డు చెయ్యడానికి కెమెరా ముందు కూర్చోబెట్టి "చదివారా?" అని అడిగితే "సదివానమ్మా" అంది. ప్రమాదాలేమిటో చెప్పమంటే ఏ పేజీలో ఏముందో వరసగా అప్పజెప్పింది. జ్వరం, రక్తపోటు పడిపోవడం, మెదడు వాచి మాట తడబడడం, ప్రాణం పోవడం, అన్నీ. డాక్టరమ్మ నోరు తెరిచి, "దీన్ని ఇంత శ్రద్ధగా చదివినవాళ్ళు మీరొక్కరే" అంది. 'రోగికి చదవడం, రాయడం వచ్చును' అన్న గడిలో ఎవరో టిక్కు పెట్టేశారు. ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

కణాలు తీశారు. నాలుగు వారాలకి అవి తిరిగొచ్చాయి. ఒక్కటే సంచీ, అరచేయంత. ఇంకొకటి లేదు.

ఎక్కించే ముందురోజు నర్సు జయశ్రీ అట్టకి బిగించిన కాగితాలతో వచ్చింది. "ఎక్కించాక మెదడు మీద ప్రభావం పడుతుందేమో కనిపెట్టాలమ్మా. రోజూ రెండుసార్లు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఏ సంవత్సరం, ఏ ఊరు, వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్క. చివర్న ఒక వాక్యం రాయాలి. రోజూ అదే వాక్యం. చేతిరాత మారితే ముందుగా అదే చెప్తుంది మాకు."

దోర్కాస్‌కి వంద నుంచి లెక్క మంచినీళ్ళప్రాయం. చివరిమాట దగ్గరే చిక్కొచ్చింది.

ఆ సాయంత్రం భర్తతో, "నీ అచ్చరం ముచ్చటగుంటాది. ఆ వాక్యమేదో ఒక ముక్క మీద రాసి ఎట్టు, అలాగే రాత్తాను" అంది. పొంగిపోయాడు. గుండ్రంగా, నిండుగా రాశాడు: 'ఈ రోజు నా ఒంట్లో బాగుంది.' ఆ చీటీని తలగడ గలీబులోకి తోసింది. కాగితం రాగానే జయశ్రీతో "ప్రార్థన సేసుకుని రాత్తానమ్మా" అనేది. ప్రార్థన అంటే ఆ పిల్ల మర్యాదగా అటు తిరిగి నిలబడేది. ఈమె చీటీ సగం బయటికి లాగి, ఒక్కో వంపూ చూసి బొమ్మ గీసినట్టు గీసేది. కణాలెక్కిన మూడోరోజు నూట మూడు జ్వరం, పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆ రోజూ కాగితం మీద 'ఈ రోజు నా ఒంట్లో బాగుంది' అనే ఉంది. రక్తపోటు పడిపోతే ఒక సూది ఇచ్చి నిలబెట్టారు. వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు.

అయిదోరోజు పొద్దున్న ఒళ్ళంతా చెమట పట్టి పక్క తడిసిపోయింది. ఆమెని స్నానానికి తీసుకెళ్ళిన పావుగంటలో దుప్పట్లు, గలీబులు మార్చేశారు. తిరిగొచ్చి తలగడ కింద చెయ్యి పెడితే కొత్త గలీబు గరగరలాడింది. లోపల ఏమీ లేదు.

జయశ్రీ వచ్చింది. దోర్కాస్ సంవత్సరం చెప్పింది, ఊరు చెప్పింది. వంద, తొంభై, ఎనభై. చూపించిన వస్తువుల పేర్లు చెప్పింది, పెన్ను, గడియారం, గుండీ. కాగితం చేతికొచ్చింది. ప్రార్థన చేసుకుంది, ఈసారి నిజంగానే. అన్నిసార్లు గీసిన బొమ్మే కదా అని ధైర్యం చేసింది కానీ, చెవికున్న జ్ఞాపకం కంటికి లేదని అప్పుడు తెలిసింది. ఒక సున్నా వచ్చింది. దాని పక్కన కొక్కెం లాంటిదొకటి. ఆ తర్వాత పెన్ను ఎటు తిరగాలో తోచక అడ్డంగా పాకింది.

జయశ్రీ అట్ట తీసుకుని చూసింది. నిన్నటి కాగితం తిప్పి చూసింది. పరుగెత్తింది.

రెండు నిమిషాల్లో లక్ష్మీప్రియ వచ్చింది, వెనక ట్రాలీ. కళ్ళల్లోకి లైటు వేసి చూసింది, చేతులు చాపమంది, మళ్ళీ అవే ప్రశ్నలు. అన్నిటికీ జవాబు సరిగ్గానే వచ్చింది. "మళ్ళీ రాయండి." మళ్ళీ సున్నా, కొక్కెం.

"జ్వరం నూట రెండు," అంది జయశ్రీ.

లక్ష్మీప్రియ ఇమ్మానుయేలు వైపు తిరిగింది. "చూడండి, రాయడమే ముందు పోతుంది. మిగతావి దాని వెనకే పోతాయి, ఒక్కోసారి గంటల్లో. స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. దానివల్ల మెదడుకి రక్ష. కానీ అది మనం ఎక్కించిన కణాలని మెత్తబరచవచ్చు. ఎంత మెత్తబరుస్తుందో ఇంకా ఎవరికీ కచ్చితంగా తెలియదు. అవసరం లేకుండా ఇవ్వకూడదు. ఇప్పుడు అవసరం కనిపిస్తోంది."

జయశ్రీ సూది మందు తీసుకుంటోంది. దోర్కాస్ ఆ గాజుబుడ్డి వైపు చూసింది. ఒప్పంద పత్రంలో పద్నాలుగో పేజీలో ఉంది ఈ మాట. ఒక్కటే సంచీ. నాలుగు వారాలు బడికెళ్ళొచ్చిన కణాలు, దొంగ మీద పడిన అయిదో రోజే వాటి కాళ్ళు విరగ్గొట్టబోతున్నారు, ఒక చీటీ చాకలి మూటలోకి పోయిందన్న పాపానికి. చెబితే పదిహేడేళ్ళ మంగళవారాలు పోతాయి, నలభై మంది ముందు మొహం పోతుంది, పక్కన నిలబడ్డ ఈ మనిషి మొహం ఎలా మారుతుందో. చెప్పకపోతే ఉన్న ఒక్క దారీ పోతుంది.

"ఆపండమ్మా," అంది. "నాకు సదువు రాదు."

"ఫర్వాలేదు, మందు పడితే తిరిగొస్తుంది," అంది లక్ష్మీప్రియ మెత్తగా.

"తిరిగి రావడానికి ముందు ఉంటే కదా! పుట్టి బుద్ధెరిగి నాను సదవనేదు, రాయనేదు. సీటీ సూసి గీసీదాన్ని. ఆ సీటీ గలీబుతో పోనాది."

ఇమ్మానుయేలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "సూసినారా డాక్టరమ్మా! మతి పోనాది! మంగళారం మంగళారం నలభై మందికి బైబిలు సదివి ఇనిపించీది నా పెల్లాం. సదువు రాదంటంది!"

డాక్టరు మొహం ఇంకా గంభీరమైంది. తన గురించి తానే తప్పు చెబుతోందంటే, అయోమయం మొదలైనట్టే. "జయా, తొందరగా."

"ఒరే అయ్యా, నిజం సెప్తన్నాను!"

"ఒలే, నీ నోటితో అలాగనకు. నాకు ఉత్తరాలు రాసినావు కాదేటే? పారాదీప్ రేవులో నాను పనిసేసిన రెండేల్లూ వారానికొకటి రాసినావు. ఇప్పటికీ ట్రంకుపెట్టిలో ఉన్నాయి!"

దోర్కాస్ కళ్ళు మూసుకుంది. ఇది బయటపడుతుందని తెలుసు. "అయ్యి అసిరమ్మ రాసినాది."

ఇమ్మానుయేలు చేతులు నెత్తి మీంచి దిగాయి.

"నువ్వు రాసినవి సదివి ఇనిపించినాదీ అదే. నమ్మకపోతే ఫోను సేసి అడుగు."

లక్ష్మీప్రియ గడియారం చూసుకుంది. "రెండు నిమిషాలు. అంతకన్నా ఆగను."

ఇమ్మానుయేలు నంబరు నొక్కి స్పీకరులో పెట్టాడు. అవతల గ్రేడింగు హాలు రొద.

"సెప్పు బావా! అదెలాగున్నాది? జొరం దిగినాదా?"

"అసిరమ్మా, ఒక్క మాట. నిజం సెప్పాల. మా యావిడికి సదువొచ్చా?"

అసిరమ్మ గొంతు హెచ్చింది. "ఏటి బావా ఆ మాట? దానికి రాకపోతే పలాసలో ఇంకెవులికొస్తాది? మొన్న మా కరెంటు బిల్లు అదే సదివి సెప్పింది. పేపరు సదువుతాది. ఇంగిలీసు కూడా సదువుతాది! ఎవులన్నారో పేరు సెప్పు, ఆల నోట్లో జీడిపిక్క పెట్టి నూరీసొత్తాను!"

ఇమ్మానుయేలు డాక్టరు వైపు చూశాడు. జయశ్రీ సూదిలోంచి గాలి తీసేసింది.

"అసిరీ!" అని అరిచింది దోర్కాస్ పక్క మీంచి. "నానే! నిజం సెప్పీయే!"

"ఒలే, జొరంలో ఏటేటో అనకు, తొంగో. ఇక్కడ నాను సూసుకుంటాను కదా."

స్నేహమంటే అది. ఇరవై నాలుగేళ్ళు కడుపులో పెట్టుకున్న రహస్యం, స్నేహితురాలి ప్రాణం మీదికొచ్చినా కక్కేలా లేదు. దోర్కాస్‌కి అప్పుడు గుర్తొచ్చింది, తాళం తన దగ్గరే ఉందని. మొదటి ఉత్తరం రాయించుకున్న రోజున అసిరమ్మ చేత ఒట్టు వేయించుకుంది. ఉత్తుత్తి ఒట్టు కాదు. అన్నం పెట్టే పప్పు మీద చెయ్యి వేయించి, అసిరమ్మ మొక్కే పోలమ్మతల్లి పేరు చెప్పించింది. వేయించుకున్న మనిషి నోటితో మూడుసార్లు తీస్తే తప్ప ఆ ఒట్టు దిగదు. స్త్రీల కూడికలో వాక్యం చదివే మనిషే అమ్మవారి పేరున ఒట్టు పెట్టించిందని పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారో! అదీ ఈరోజే తెలియాలి కాబోలు.

ఊపిరి కూడదీసుకుంది. "అసిరమ్మా, పోలమ్మతల్లి సాచ్చిగా నీ ఒట్టు తీసి గట్టున ఎట్టినాను. ఒట్టు తీసి గట్టున ఎట్టినాను. ఒట్టు తీసి గట్టున ఎట్టినానే!"

ఇమ్మానుయేలు నోరు తెరుచుకుంది.

అవతల హాలు కూడా చప్పబడింది. "తీసీసినావా?" అంది అసిరమ్మ చిన్న గొంతుతో. తర్వాత గట్టు తెగింది. "అయితే సెప్తాను బావా. దానికి ఓనమాలు కూడా రావు! నీ ఉత్తరాలన్నీ నానే సదివినాను, నానే రాసినాను. నీకు నమ్మకం లేకపోతే ఇను. రెండో ఉత్తరంలో ఏటి రాసినావు? 'పొద్దు పోక రేవులో ఓడలు లెక్కెడతన్నాను, పదకొండు ఓడలున్నాయి, పదకొండిటికీ నీ పేరే ఎట్టినాను' అని రాసినావా, నేదా?"

వెనక గ్రేడింగు హాలు మొత్తం గొల్లుమంది. "పదకొండు ఓడలంటర్రా!"

లక్ష్మీప్రియ ఇమ్మానుయేలుని చూసింది. "ఆ ఉత్తరం సంగతి మీరు బయట ఎవరికైనా చెప్పారా?"

"సచ్చినా సెప్పనమ్మా," అన్నాడు నేల చూస్తూ. చెవులు ఎర్రబడ్డాయి.

జయశ్రీ మొహం అటు తిప్పుకుంది. సూది మాత్రం ట్రేలో పెట్టేసింది.

గదిలో ఎవరూ నవ్వలేదు ఆ తర్వాత. లక్ష్మీప్రియ మంచం అంచున కూర్చుంది. "సరే, మందు ఆపుతున్నాను. కానీ అర్థం చేసుకోండి. మీరు నిజం చెప్పారంటే, ఇన్నాళ్ళూ మా పరీక్ష గుడ్డిదన్నమాట. మీ చెయ్యి మాకు ఏమీ చెప్పలేదు. అసలు ప్రమాదం రేపో ఎల్లుండో రావచ్చు. వస్తే ఎలా పట్టుకోవాలి మిమ్మల్ని?"

దోర్కాస్ తన చేతులు చూసుకుంది. "పప్పు ఇయ్యండమ్మా. కలిపీసిన పప్పు. ఏరి సూపిత్తాను."

పలాసవాళ్ళు ఉత్త చేతులతో ఆసుపత్రికి పోరు. వార్డులో అందరికీ పంచుదామని ఇమ్మానుయేలు తెచ్చిన కిలో పప్పు నర్సుల గదిలో ఉంది. ఆమె ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి లేని రోజులవి, వట్టి చేత్తో ముట్టనివ్వరు. చేతికి తొడుగులు వేసి, తుడిచిన ట్రేలో నలభై గింజలు పోశారు. "నోట్లో వేసుకోకూడదు" అని రెండుసార్లు చెప్పింది జయశ్రీ. "ఇరవై ఎనిమిదేల్లలో ఎప్పుడూ ఏసుకోనేదు తల్లీ, ఇప్పుడేసుకుంటానా" అంది దోర్కాస్. నిమిషన్నరలో నాలుగు కుప్పలు తేలాయి. తప్పు ఒక్కటి లేదు. లక్ష్మీప్రియ కాగితం మీద 'వాక్యం' అన్నది కొట్టేసి 'పప్పు' అని రాసుకుంది. అప్పటినుంచి మూడు గంటలకోసారి ట్రే.

ఇమ్మానుయేలు మాత్రం మాట్లాడలేదు. నీళ్ళ గ్లాసు అందిస్తాడు, జ్వరం చూస్తాడు, తలుపు పక్క కుర్చీలో గోడ చూస్తూ కూర్చుంటాడు. ఆరోరోజంతా ఒక్క మాట లేదు. ఆమె "తిన్నావా?" అంటే తల ఊపాడు. జ్వరం కన్నా అదే ఎక్కువ మండింది ఆమెకి.

ఏడోరోజు మధ్యాహ్నం ట్రే వచ్చింది. దోర్కాస్ ఏరుతోంది. గది చల్లగా, దూరంగా ఉన్నట్టుంది. వేళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి, ఎప్పటిలాగే, బాగానే. జయశ్రీ గడియారం చూస్తోంది. కుప్పలు నాలుగూ చక్కగానే కనిపిస్తున్నాయి ఆ పిల్లకి.

కుర్చీ కిర్రుమంది. ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు.

"అమ్మా, డాక్టరుగారిని పిలండి. బద్ద గుండులో పడ్డాది."

"ఏమిటండీ?"

"అదిగో. రెండు బద్దలు గుండు కుప్పలో ఏసింది. మా దోర్కా ఎయ్యదు. నిద్దర్లో కూడా ఎయ్యదు!"

"అది గుండే," అంది దోర్కాస్ కోపంగా. ఎందుకు అందరూ తప్పు పడుతున్నారో తెలియలేదు. బద్ద చేతిలోకి తీసుకుని మళ్ళీ చూసింది. నిండుగా, గుండ్రంగా ఉంది.

పరుగున వచ్చిన లక్ష్మీప్రియ వంగి, "మనం ఏ ఊళ్ళో ఉన్నాం?" అంది.

"బారువ," అంది దోర్కాస్. సముద్రం చప్పుడు వినిపిస్తూనే ఉంది కదా.

ఆ తర్వాతివి ఆమెకి ముక్కలు ముక్కలుగానే తెలుసు. చేతికి చల్లగా ఏదో పాకింది. ఎవరో పేరు అడిగారు, పేరు నాలుక చివరే ఉంది కానీ దిగిరాలేదు. ఎవరో పక్కన కూర్చుని గొంతు తగ్గించి అదే పనిగా ఏదో చెబుతున్నారు. మాటలు తెలియలేదు, ఆ గొంతు ఇమ్మానుయేలుదని తెలిసింది. రెండు రోజులు అలా గడిచాయి. స్టెరాయిడ్ అవసరమైన గంటకి పడింది, అవసరమైనంతే పడింది. తొమ్మిదోరోజు పొద్దున్న జయశ్రీ అడిగితే సంవత్సరం చెప్పింది. ట్రే తెమ్మంది. నలభైకి నలభై. నిమిషం ఎక్కువ పట్టింది, అంతే.

జయశ్రీ వెళ్ళాక ఇమ్మానుయేలు గొంతు సవరించుకున్నాడు. 

"నువ్వు లేక అన్నం సయించట్లేదు, కంచంలో కూరకి కూడా బెంగగున్నాది, అని ఒక ఉత్తరంలో ఉండీది."

"ఉండీది."

"అది అసిరమ్మ మాటేనా?"

"దానికంత తెలివెక్కడిదీ? మాట నాదే. సెయ్యి దానిది. నాను సెప్పీదాన్ని, అది రాసీది. 'ఓసోసి' అని మద్దిలో నవ్వీది, అంతే."

ఆలోచించాడు. "మరి నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు అడగనేదు."

"నీకు సదువొచ్చా అని పెల్లాన్ని ఎవుడడుగుతాడే!" అన్నాడు, కోపంగానే. తర్వాత దుప్పటి ఆమె పాదాల మీదికి లాగాడు. "ఆటోస్టాండులో నన్నిప్పుడు పదకొండోడల బావ అంటన్నారంట. మా స్టాండు శివాజీ ఫోను సేసి మరీ సెప్పాడు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు నొప్పెట్టాయి. అయినా నవ్వింది.

ఇరవై ఎనిమిదో రోజున తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. ఫలితానికి నాలుగు రోజులు.  కణాలు గెలిచాయో, మెత్తబడిపోయాయో. ఆ సూది పడకుండా ఉండాల్సిందేమో, లేక ఇంకా ముందే పడాల్సిందేమో. అడగడానికి భయం, అడగకుండా ఉండడానికీ భయం.

అయిదోరోజు లక్ష్మీప్రియ కాగితాలు పట్టుకుని వచ్చి, కూర్చోకుండానే చెప్పేసింది. "కనిపించలేదు. ఎంత వెతికినా ఒక్క క్యాన్సరు కణం కనిపించలేదు. ఇది ఈరోజు మాట, దోర్కాస్ గారూ. తిరిగి రాదని నేను చెప్పలేను. మూడు నెలలకి మళ్ళీ చూస్తాం."

ఇమ్మానుయేలు గోడకి ఆనుకున్నాడు. దోర్కాస్ ముక్కు చీదుకుంది.

"ఇంకో పని ఉంది," అంది లక్ష్మీప్రియ, కుర్చీ లాక్కుని. ఈసారి ఆమెకే కొంచెం ఇబ్బందిగా ఉంది. "మా పాత కాగితంలో ఒక గడి ఉంది, మీకు చదవడం వచ్చని. అది మేము అడగకుండా టిక్కు పెట్టాం. తప్పు మాదే, పైవాళ్ళకి రాసి పంపాను. ఇప్పుడు కొత్త ఒప్పందం. ఈ వైద్యం కొత్తది కాబట్టి, తీసుకున్నవాళ్ళని మేము పదిహేనేళ్ళు వరసగా చూస్తూ ఉండాలి. ఏడాదికోసారి రక్తం ఇవ్వాలి. ఊరు మారితే చెప్పాలి. మీకు ఇష్టమైతేనే."

"ఎన్నేల్లు?" అన్నాడు ఇమ్మానుయేలు.

"పదిహేను. ఎక్కువనిపిస్తోందా?"

"ఎక్కువ కాదమ్మా." అతను గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. "మా అన్న కవిటిలో కిడ్నీ జబ్బుతో పోనాడు, ఆ పక్కంతా అదే జబ్బు. ఆ ఊరికి ఎంతమందో వొచ్చి రత్తం తీసుకెల్లినారు. ఒక్కలు తిరిగొచ్చి నువ్వెలాగున్నావని అడగనేదు. మీరు పదిహేనేల్లు అడుగుతామంటన్నారు. అందుకని."

లక్ష్మీప్రియ కాగితాలు దోర్కాస్ ముందు పెట్టింది. సాక్షిగా పక్క వార్డులోని ఒక పెద్దాయన్ని పిలిచారు, ఆసుపత్రికి సంబంధం లేని మనిషి. ఆయన వచ్చి, మామూలుగా పెన్ను తీసి, "చదువుకున్నావా అమ్మా ఇదంతా?" అని అడిగాడు.

దోర్కాస్ చెయ్యి అలవాటుగా ముక్కు దాకా వెళ్ళింది. అక్కడ జోడు లేదు. చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు సదువు రాదు బాబూ," అంది. చెవులు వేడెక్కాయి, అయినా మాట నిలబడింది. "ఎవులైనా సదివితే ఇంటాను. ఎన్ని పేజీలమ్మా?"

"పదిహేడు," అంది లక్ష్మీప్రియ.

"సదవండి. మెల్లగా సదవండి." తలగడ వెనక్కి జరుపుకుని సర్దుక్కూర్చుంది. "పదిహేనేల్లలో మొదటి ఏడాది కాడినుంచీ."